పెండింగ్ ఫైళ్ల మీద జోకేస్తే ఉద్యోగం పోవాలా? – ప్రధాన కార్యదర్శి గారికి, శాఖాధిపతులకు, ఛానెళ్ల వారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,
హైదరాబాద్‌లోని వివిధ శాఖల అధిపతులకు, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల యాజమాన్యాలకు,
న్యూస్ ఛానెళ్లు, యూట్యూబ్ ఛానెళ్లు నడిపేవారికి,

నమస్కారం.

విషయం: ఆఫీసులో సరదా వీడియో తీసినందుకు ఇద్దరు ఔట్‌సోర్సింగ్ ఉద్యోగినులను ఫోన్ మీద తీసేయడం, దానిపై ఇచ్చిన వినతిపత్రానికి జవాబు రాకపోవడం గురించి.

నేను హైదరాబాద్‌లోనే జూనియర్ అసిస్టెంట్‌గా చేరి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. సర్వీసులో మెమోలు అందుకున్నాను, మెమోలు రాశాను కూడా. క్రమశిక్షణ అంటే ఏమిటో తెలియక రాస్తున్న లేఖ కాదిది. నా సొంత బాధ కోసమూ కాదు. నాకు రావాల్సిన బకాయిల సంగతి రాయాలంటే వేరే లేఖ కావాలి. నేను చివరగా పనిచేసిన ఆఫీసులో జరిగిన విషయం ఇది. ఆఫీసు పేరు గానీ, మనుషుల పేర్లు గానీ రాయడం లేదు. రాస్తే ముందుగా ఇబ్బంది పడేది ఇంకా ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లే.

ఒక మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో, రికార్డు రూమును ఆనుకుని ఉన్న గదిలో ముగ్గురు కలిసి నిమిషం లోపు వీడియో ఒకటి తీశారు. ఒకరు రెగ్యులర్ జూనియర్ అసిస్టెంటు. మిగతా ఇద్దరు ఔట్‌సోర్సింగ్ మీద డేటా ఎంట్రీ ఆపరేటర్లుగా చేస్తున్న అమ్మాయిలు. ఒకమ్మాయి దరఖాస్తుదారుగా వచ్చి అడుగుతుంది: "నా ఫైలు ఎక్కడుందండీ?" "సెక్షన్‌లో ఉంది." "సెక్షన్‌లో అడిగితే?" "సార్ టేబుల్ మీద ఉందమ్మా." "సార్ ఎక్కడ?" "మీటింగ్‌లో." "దేని మీద మీటింగ్?" "పెండింగ్ ఫైళ్ల మీద." ముగ్గురూ పగలబడి నవ్వుతారు. అంతే వీడియో.

నాకైతే నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లు పైబడి ఆ మీటింగుల్లో కూర్చున్నవాణ్ని, రాకుండా ఎలా ఉంటుంది?

రెండో రోజుకే అది ఒక యూట్యూబ్ ఛానెల్ చేతిలో పడింది. వాళ్లు మాటలు తీసేసి నవ్వులు మాత్రం ఉంచారు. పక్కన ఎక్కడిదో క్యూ లైను దృశ్యం అతికించారు. ఆ క్యూ మా ఆఫీసుది కాదు, మా ఆఫీసు వరండాలో అసలు ఆ రంగు గోడలే లేవు. అసలు వీడియోలో ముగ్గురి వెనక గోడ గడియారం ఉంది, ఒంటిగంట నలభై చూపిస్తోంది. ఛానెల్ వాళ్లు బొమ్మ పెద్దది చేసి కోయడంలో గడియారం ఎగిరిపోయింది. కింద "జనం క్యూలో, సిబ్బంది రీల్స్‌లో" అని ఎర్రక్షరాలు. వెనక బీరువాలో కనిపిస్తున్న కట్టలు చూసి "రహస్య ఫైళ్ల మధ్య చిందులు" అని ఇంకొకాయన. అవి ఎల్.డిస్ కట్టలు, అంటే పని ముగిసిన పాత కాగితాలు. ఏడాది దాటితే తీసి పారేయాల్సినవి. ఎవరూ తీయక అక్కడే మూలుగుతున్నాయి. నిజానికి వార్త చేయదలిస్తే అది చేయొచ్చు.

సాయంత్రానికి పైనుంచి "ఏం యాక్షన్ తీసుకున్నారు?" అని ఫోన్లు మొదలయ్యాయి. ఆ ప్రశ్న ఎలా వస్తుందో, వచ్చాక కింద ఎంత టెన్షన్ పుడుతుందో నాకు తెలుసు. మర్నాడు జూనియర్ అసిస్టెంటుకు మెమో ఇచ్చారు, మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని. అతను రాసిచ్చాడు. అతని పని అతను చేసుకుంటున్నాడు. అందుకు సంతోషమే.

ఆపరేటర్లకు మెమో లేదు. రాత్రి ఏజెన్సీ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు: "రేపట్నుంచి రావద్దమ్మా, పైనుంచి చెప్పారు." ఏదో పొరపాటనుకుని పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. హాజరు మిషన్ ముందు ముఖం పెడితే "గుర్తించబడలేదు" అంది. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో అప్పటికే వాళ్లు లేరు. తీసేసినట్టు కాగితం ఇమ్మని అడిగితే సూపర్‌వైజర్ అన్న మాట: "కాగితం ఎందుకమ్మా, నీ మంచికే చెప్తున్నా. కాగితం మీద రాస్తే ఇంకోచోట ఎవరూ తీసుకోరు."

వాళ్లు నా దగ్గరికి వస్తే వినతిపత్రం నేనే రాసిచ్చాను. ఆఫీసులో ఇచ్చారు, ఏజెన్సీలో ఇచ్చారు, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చారు. ప్రజావాణిలో రసీదు ఇచ్చారు, ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది. తర్వాత ఆరా తీస్తే "సంబంధిత కార్యాలయానికి పంపడమైనది" అని తెలిసింది. సంబంధిత కార్యాలయం అంటే వాళ్లను వద్దన్న కార్యాలయమే. వారాలు గడిచాయి. అందుకే ఈ బహిరంగ లేఖ.

మొదట ఎదుటివారి వాదన చెప్తాను. ఎల్బీ నగర్ నుంచో, జీడిమెట్ల నుంచో ఒక మనిషి రోజు కూలి వదులుకుని, రెండు బస్సులు మారి ఆఫీసుకు వస్తాడు. కౌంటర్ దగ్గర "సర్వర్ డౌన్, రేపు రండి" అంటారు. ఇంటికెళ్లి ఫోన్ తెరిస్తే ఆఫీసు వాళ్లు నవ్వుతూ కనిపిస్తారు. కడుపు మండకుండా ఉంటుందా? ఆ కోపం న్యాయమైనదే. ప్రజల జీతం తీసుకునేవాడు పని వేళలో ఫోన్ ముందు గంతులేస్తే చర్య తీసుకోవాల్సిందే.

కొన్ని వీడియోలకైతే సానుభూతే అక్కర్లేదు. 2019లో ఒడిశాలోని మల్కాన్‌గిరి జిల్లా ఆస్పత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో నర్సులు టిక్‌టాక్ వీడియోలు తీసుకున్నారు. 2024 ఫిబ్రవరిలో కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లాలో ఒక ప్రభుత్వ డాక్టరు ఆపరేషన్ థియేటర్లో ఉత్తుత్తి సర్జరీ పెట్టి పెళ్లి షూటింగ్ చేసుకున్నాడు, ఉద్యోగం ఊడింది. రోగి ముఖం, పసిబిడ్డ మంచం, దరఖాస్తుదారు ఆధార్ నంబరు కనిపించే స్క్రీను – ఇవి ఎవరి సరదాకూ సరుకు కాకూడదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. ఇందులో నాకు రెండో మాట లేదు.

మన దగ్గర కూడా కొత్తేమీ కాదు. 2019 జూలైలో ఖమ్మం నగరపాలక సంస్థ సిబ్బంది టిక్‌టాక్ వీడియోలు బయటికొచ్చాయి. వాళ్లను వేరే విభాగాలకు మార్చారు, జీతంలో కోత వేశారు. ఏడాది తిరక్కుండానే, 2020 జూన్‌లో, ఆ యాప్‌నే కేంద్రం నిషేధించింది. యాప్ పోయింది, ఇంకో యాప్ వచ్చింది. మనం మాత్రం అక్కడే ఉన్నాం: ఏది తప్పో ముందుగా చెప్పం, గోల జరిగాక ఎవరినో ఒకరిని బలిపెడతాం.

2024లో కేరళలోని తిరువల్ల మున్సిపాలిటీలో ఏం జరిగిందో చూడండి. అక్కడి ఉద్యోగులు ఆఫీసులో తీసిన రీలు వైరల్ అయింది. మున్సిపల్ సెక్రటరీ షోకాజ్ నోటీసులు ఇచ్చారు. తర్వాత సంగతి విచారిస్తే తేలిందేమిటంటే, అది ఆదివారం. భారీ వర్షాల పనుల కోసం సెలవు రోజున కూడా వచ్చినవాళ్లు, పనికి అడ్డు రాకుండా తీసుకున్న వీడియో అది. శిక్షించాల్సిన అవసరం లేదని స్థానిక సంస్థల మంత్రే స్వయంగా ప్రకటించారు. అక్కడా తొందరపాటు ఉంది, కానీ నోటీసు ఉంది, వివరణ ఉంది, విన్న మనిషి ఉన్నాడు. మా ఆపరేటర్లకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరుసగా రాస్తున్నాను.

1. ఒకే వీడియో, ఒకే జోకు, ఒకే నవ్వు. శిక్షలు మాత్రం రెండు రకాలు. రెగ్యులర్ ఉద్యోగిని తీసేయాలంటే రాజ్యాంగం 311వ అధికరణ అడ్డుంటుంది. 1991 నాటి సీసీఏ రూల్స్ (ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీళ్ల నియమాలు) ప్రకారం అభియోగ పత్రం ఇవ్వాలి, వివరణ తీసుకోవాలి, విచారణాధికారిని పెట్టాలి, ఆ తర్వాత అప్పీలు ఉంటుంది. చిన్న తప్పయితే మందలింపుతో పోతుంది. సస్పెండ్ చేసినా సగం జీతం జీవన భృతిగా వస్తుంది. ఆ సస్పెన్షన్ అయినా అభియోగ పత్రం ఇవ్వకుండా మూడు నెలలు దాటి సాగించకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఔట్‌సోర్సింగ్ అమ్మాయికి ఇవేవీ లేవు. ఆమెకు సస్పెన్షన్ కూడా ఒక భాగ్యమే.

ఆమె జీతం ఎంతో మీకు తెలుసు, ఆ జీవో మీరిచ్చిందే. 2021 జూన్‌లో వచ్చిన జీవో 60 ప్రకారం ఔట్‌సోర్సింగ్ వారికి మూడు రేట్లు: 15,600, 19,500, 22,750. డేటా ఎంట్రీ ఆపరేటరుది మధ్యది. అందులోంచి పీఎఫ్ పోతుంది, ఈఎస్ఐ పోతుంది. జీతం నెలనెలా పడితే గొప్ప, రెండు నెలలకోసారి పడ్డ రోజులు నాకు తెలుసు. ఉద్యోగం పోతే జీతంతో ఆగదు, కొన్నాళ్లకు ఈఎస్ఐ కార్డు కూడా చెల్లకుండా పోతుంది. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి ఆ కార్డు మీదే వాళ్లమ్మకు షుగర్ మందులు తెచ్చుకునేది. "సార్, ఈ నెల మందు తెచ్చేశాను, వచ్చే నెల సంగతే తెలియడం లేదు" అంది నాతో. రీలు మీద ఆమెకు దిగులు లేదు, మందు మీద ఉంది.

2. ప్రజలకు అసౌకర్యం కలిగిందని కదా చర్య తీసుకున్నది? చర్య తీసుకున్న రోజు నుంచి ఆ రెండు కుర్చీలు ఖాళీ. ఏజెన్సీ కొత్తవాళ్లను పంపడానికి టైమ్ పట్టింది. పంపాక లాగిన్ రావాలి, పని నేర్చుకోవాలి. అన్నాళ్లూ కౌంటర్‌కు వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెనక్కి పోయారు. నవ్విన పాపానికి ఉద్యోగాలు పోయాయి సరే, ఎంట్రీలు ఆగినందుకు ఎవరికి మెమో ఇచ్చారు?

3. వీడియోలో మగవాడూ ఉన్నాడు, ఆడపిల్లలూ ఉన్నారు. కామెంట్లు చదివితే ఆ తేడా తెలుస్తుంది. అతని జోకుకు నవ్వు బొమ్మలు పెట్టారు. అమ్మాయిలకు ఏం పెట్టారో ఈ లేఖలో రాయలేను. ఎవరో వాళ్ల పాత ఫోటోలు వెతికి తీశారు. ఒకమ్మాయి ఉండే వీధిలో కిరాణా కొట్టాయన కూడా "మీరే కదమ్మా ఆ వీడియోలో" అన్నాడట. ఇంట్లో పెద్దవాళ్లు మొదట ఫోన్ లాక్కున్నారు, తర్వాత ఉద్యోగం ఎందుకులే అన్నారు. హైదరాబాద్‌లో షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి. వాటికి ఫిర్యాదు చేయమని ఆఫీసులో ఒక్కరైనా చెప్పారా? తమ దగ్గర పనిచేసే ఆడపిల్లల మీద బయట బూతులు రాస్తుంటే, ఆఫీసు ఆ అమ్మాయిలనే ముందు బయటికి తోసింది.

4. భయం ఒక్క రీళ్లతో ఆగదు. మా ఆఫీసులోనే ఒక సీనియర్ అసిస్టెంటు దరఖాస్తు ఎలా నింపాలో, ఏ కాగితాలు జత చేయాలో తెలుగులో చిన్న చిన్న వీడియోలు తీసి పెట్టేవాడు. బ్రోకర్ చేతికి డబ్బు పోయకుండా వందల మంది తమ పని తాము చేసుకున్నారు. ఈ గొడవ తర్వాత అవన్నీ తీసేశాడు. "నాకెందుకండీ, రేపు ఎవడో దీన్ని కూడా కత్తిరించి పెడతాడు" అన్నాడు. నష్టపోయింది అతను కాదు, బ్రోకర్ దగ్గరికి తిరిగి వెళ్తున్న జనం.

5. పైవాళ్ల జోకులకు అభ్యంతరం లేకపోవడం. సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు హెల్మెట్ గురించి, తాగి నడపడం గురించి సినిమా మీమ్స్ పెట్టి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆర్టీసీ కూడా అదే బాటలో నడిచింది. నేను మెచ్చుకునే అంటున్నాను. నవ్విస్తే జనం వింటారని వాళ్లు నిరూపించారు. కానీ అదే నవ్వు అధికారిక ఖాతాలో ఉంటే అవగాహన, అటెండరు ఫోన్లో ఉంటే క్రమశిక్షణా రాహిత్యం ఎలా అవుతుందో ఎక్కడైనా రాసి ఉంటే చూపించండి.

రాసి లేదు. ఇబ్బందంతా అక్కడే. మన ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. పత్రికలు, పుస్తకాలు, రేడియో కాలంలో రాసుకున్నది. ఫోన్ జేబులో కెమెరా అవుతుందని, ఆ కెమెరా ఊరంతటికీ కనిపిస్తుందని అప్పుడు ఎవరూ ఊహించలేదు. దాంతో ఇప్పుడు ప్రతి వీడియోకూ "ప్రభుత్వోద్యోగికి తగని ప్రవర్తన" అన్న ఒక్క గొడుగే పడుతున్నారు. ఆ గొడుగు కింద పెళ్లిలో డాన్సూ వస్తుంది, లంచ్ టైమ్ జోకూ వస్తుంది. 2025 జూలైలో మహారాష్ట్ర తన ఉద్యోగులకు సోషల్ మీడియా మార్గదర్శకాలు ఇచ్చింది. సొంత ఖాతా వేరు, ఆఫీసు ఖాతా వేరు ఉండాలంది. రహస్య పత్రాలు పెట్టొద్దంది. అందులో కొన్ని షరతులు నాకు మరీ బిగుతుగా అనిపించాయి, ఆ మాటకొస్తే ప్రభుత్వాన్ని విమర్శించొద్దన్నది కూడా ఉంది. అయినా కాగితం మీద ఉన్నాయి. కాగితం మీద ఉంటే వాదించుకోవచ్చు.

గుమాస్తాకు నోరుండకూడదని చట్టం ఎక్కడా చెప్పలేదు. త్రిపురలో మత్స్యశాఖలో పనిచేసే ఒక యూడీసీని (అప్పర్ డివిజన్ క్లర్కును), రిటైర్మెంటుకు కొద్ది రోజుల ముందు, సభకు వెళ్లిందని, ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిందని సస్పెండ్ చేశారు. 2020 జనవరిలో అక్కడి హైకోర్టు ఆ క్రమశిక్షణ చర్యను కొట్టేసింది. ప్రభుత్వోద్యోగి అయినంత మాత్రాన భావ ప్రకటన హక్కు పోదని, నియమావళి గీసిన హద్దుల్లో అది ఉంటుందని చెప్పింది. మా అమ్మాయిలు సభకూ వెళ్లలేదు, ఏ పార్టీనీ అనలేదు. ఫైలు ఎక్కడుందని అడిగారు.

ప్రైవేటు కంపెనీల గురించి ఒక మాట. మాదాపూర్, గచ్చిబౌలి వైపు పనిచేసే పిల్లలు అప్రైజల్ మీద, మేనేజర్ల మీద, "రిటర్న్ టు ఆఫీస్" మీద రీళ్లు చేయడం రోజూ చూస్తున్నాం. ఒక్కోసారి హెచ్ఆర్ నుంచి పిలుపొస్తుంది, సాయంత్రానికి ల్యాప్‌టాప్ అప్పగించి బయటికి నడవాల్సి వస్తుంది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం మన రాష్ట్రంలో ఉంది. ఆరు నెలలు దాటి పనిచేసినవాళ్లను సరైన కారణం లేకుండా, నెల ముందు నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసేయకూడదని అందులో 47వ సెక్షన్ చెప్తుంది. తప్పు చేశారంటే అది విచారణలో తేలాలంటుంది. ఆ పిల్లల్లో చాలామందికి ఆ సెక్షన్ ఉన్నట్టే తెలియదు. కార్మిక శాఖ వారు దయచేసి గుర్తు చేయండి.

ఛానెళ్ల వారికి. మీ పని చెడ్డదని నేను అనను. మీరు లేకపోతే బయటికి రాని అవినీతి చాలా ఉంది. కానీ గడియారం కోసేయడం వార్త కాదు. వేరే ఊరి క్యూ తెచ్చి అతికించడం వార్త కాదు. మీ వీడియోకు వ్యూస్ వచ్చాయి, డబ్బులూ వచ్చే ఉంటాయి. ఆ ఇద్దరికి పోయింది మీ ఖాతాలో ఎక్కడా కనిపించదు. వాళ్ల తరఫున నేను మీకు మెయిల్ పెట్టాను. 2021 ఐటీ నియమాల ప్రకారం డిజిటల్ వార్తా సంస్థ ఫిర్యాదుల అధికారిని పెట్టుకోవాలి, అందిన ఫిర్యాదును 15 రోజుల్లో తేల్చాలి. మీ ఛానెల్ పేజీ అంతా వెతికినా ఆ అధికారి పేరు దొరకలేదు. వ్యాపార ప్రకటనల కోసం సంప్రదించాల్సిన నంబరు మాత్రం పైనే ఉంది.

ఇక మా డిమాండ్లు.

1. ఆ ఇద్దరు ఆపరేటర్లను వెంటనే తిరిగి తీసుకోవాలి. వాళ్లు చేసింది తప్పని ఆఫీసు అనుకుంటే, ఏ నిబంధన ప్రకారం తప్పో కాగితం మీద రాసివ్వాలి, వాళ్ల జవాబు వినాలి. విని, వాళ్లతో కలిసి నవ్విన రెగ్యులర్ ఉద్యోగికి ఏ శిక్ష వేస్తారో దానికి మించకుండా వేయాలి. పోయిన నెలల జీతం, పీఎఫ్ జమ ఇప్పించాలి.

2. ఏ శాఖలోనైనా సరే, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని ఫోన్ మీద తీసేయడం ఆపాలి. కనీసం ఏడు రోజుల నోటీసు, రాతపూర్వక కారణం, దాని కింద ఏజెన్సీ సంతకంతో పాటు శాఖాధికారి సంతకం ఉండాలి. "మాకు సంబంధం లేదు, ఏజెన్సీ తీసేసింది" అని శాఖ, "పైనుంచి చెప్పారు" అని ఏజెన్సీ చెప్పుకునే ఆట అప్పుడే ఆగుతుంది. సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు మనవాళ్లు ఎంత జాగ్రత్తగా ఆలోచిస్తారో నాకు అనుభవం.

3. సాధారణ పరిపాలన శాఖ ఒక్క పేజీ సర్క్యులర్ ఇవ్వాలి, తెలుగులో. చేయకూడనివి స్పష్టంగా రాయండి: పని వేళలు, ప్రజల ముఖాలు, వాళ్ల కాగితాలు, కంప్యూటర్ స్క్రీన్లు, ఆస్పత్రి వార్డులు, పరీక్షా కేంద్రాలు, స్ట్రాంగ్ రూములు, యూనిఫాం, ఆయుధాలు. కులాన్నీ మతాన్నీ ఆడవాళ్లనీ కించపరిచేవి. ప్రకటనలు తీసుకుని డబ్బు సంపాదించడం. ఇవి కానిది, లంచ్ టైమ్‌లోనో సెలవు రోజునో తీసినది తప్పు కాదని కూడా రాయండి. సర్క్యులర్ అంటే వద్దన్నవి మాత్రమే రాసే అలవాటు మనకు ఉంది, ఈసారి ఆ రెండో వాక్యం మర్చిపోవద్దు.

4. మొదటిసారి అయితే వీడియో తీసేయమని చెప్పి హెచ్చరిస్తే చాలు. ఏ చర్య అయినా ఛానెల్ ముక్క చూసి కాదు, పూర్తి వీడియో తెప్పించుకుని, ఎప్పుడు ఎక్కడ తీశారో రాసుకుని తీసుకోవాలి. ఇందుకు ఒక పూట చాలు.

5. ఉద్యోగినుల మీద ఆన్‌లైన్‌లో బూతులు, బెదిరింపులు వస్తే ఫిర్యాదు చేసే బాధ్యత ఆఫీసే తీసుకోవాలి. అమ్మాయి ఒంటరిగా స్టేషన్ మెట్లు ఎక్కాల్సిన పరిస్థితి ఉండకూడదు.

6. ప్రజావాణిలో ఒక ఆఫీసు మీద వచ్చిన ఫిర్యాదును అదే ఆఫీసుకు పంపి చేతులు దులుపుకోవద్దు. కనీసం పై అధికారికి పంపండి.

7. ఆ వీడియో వేసిన ఛానెల్ గడియారంతో సహా పూర్తి వీడియోను, క్యూ దృశ్యం వేరే చోటిదన్న సవరణతో, మొదటిది ఎంత సేపు ఉంచారో అంత సేపు ఉంచాలి.

ఇంకొక విషయం, డిమాండ్ కాదు, సలహా. ఆ రీలులో అడిగిన ప్రశ్న జనం నిజంగా రోజూ అడిగేదే. ఏ ఫైలు ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్లుగా ఉందో ఆఫీసు బయట బోర్డు మీద వారం వారం రాయించండి. ఇప్పుడు కంప్యూటర్లో ఆ లెక్క ఉండనే ఉంది, ఒక ప్రింటు తీసి అంటించడమే. అది పెట్టిన రోజున ఆ జోకుకు ఎవరూ నవ్వరు, ఎవరినీ తీసేయాల్సిన పనీ ఉండదు.

ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. రాకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద, ఆ ఇద్దరినీ తొలగించమని ఏజెన్సీకి చెప్పింది ఎవరు, ఏ తేదీన, ఏ నోట్ ఫైలు మీద అన్న మూడు ప్రశ్నలతో పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి దరఖాస్తు పెడతాను. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాల్సి ఉంటుంది. నోట్ ఫైలే లేదంటే, ఆ లేదన్న మాటనే సంతకం చేసి ఇవ్వండి, మాకు కావాల్సింది అదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్,
హైదరాబాద్

ప్రతులు: జిల్లా కలెక్టర్ గారు, హైదరాబాద్, కార్మిక శాఖ కమిషనర్ గారు, రాష్ట్ర మహిళా కమిషన్, ఉద్యోగ సంఘాల నాయకులు – రెగ్యులర్ ఉద్యోగికి మెమో ఇచ్చిన రోజు వచ్చి మాట్లాడినవారు, ఈ ఇద్దరి కోసం కూడా ఒకసారి రావాలని మనవి.